మగబిడ్డకు బీజం సంచిలోకి దిగలేదా? ఆరు నెలలు దాటాక ఎదురుచూడొద్దు.. ఉచిత ఆపరేషన్‌కు దారి ఇదీ

మీ ఇంట్లో ఏడాదిలోపు మగపిల్లాడు ఉన్నాడా? అయితే ఒక్క ప్రశ్న. పుట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా, బాబుకి రెండు వృషణాలూ సంచిలో ఉన్నాయని ఎవరైనా చేత్తో పట్టి చూసి మీకు చెప్పారా? బరువు ఎంతో చెప్పి ఉంటారు. ఏ టీకా ఎప్పుడు వేయించాలో రాసిచ్చి ఉంటారు. ఈ మాట మాత్రం మీకు గుర్తులేకపోతే, బహుశా ఎవరూ చెప్పలేదనే అర్థం.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో ప్రతి వందమందిలో సుమారు ముగ్గురికి పుట్టినప్పుడు ఒక వృషణం గానీ, రెండూ గానీ సంచిలో ఉండవు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఈ సంఖ్య ఇంకా చాలా ఎక్కువ, దాదాపు ముప్పై శాతం దాకా ఉంటుంది. వీరిలో చాలామందికి మొదటి కొన్ని నెలల్లో అదే కిందికి దిగిపోతుంది. ఏడాది నిండేసరికి వందలో ఒకరికి మాత్రం సమస్య అలాగే మిగిలిపోతుంది. ఆ ఒక్కరికి కావాల్సింది చిన్న ఆపరేషన్. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, కనిపెట్టడానికి స్కానింగ్ కూడా అక్కర్లేదు. అయినా మన దగ్గర ఐదేళ్లకు, పదేళ్లకు, ఒక్కోసారి పెళ్లి సంబంధాలు చూసే వయసులో ఇది బయటపడుతోంది. ఎందుకు? ఆపరేషన్ గురించి చెప్పేముందు ఈ ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడాలి.

అసలు ఎందుకు దిగదు?

వృషణాలు తయారయ్యేది సంచిలో కాదు. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు అవి పొట్ట వెనుక భాగంలో, మూత్రపిండాల దగ్గర మొదలవుతాయి. నెలలు గడిచేకొద్దీ కిందికి జారుతూ, ఏడో నెల ప్రాంతంలో గజ్జల దారి గుండా బయటికొచ్చి, ఎనిమిదో నెల దాటేసరికి సంచిలోకి చేరతాయి. ఈ ప్రయాణం దారిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. ఎక్కువమందికి గజ్జల్లోనే ఆగుతుంది. అందుకే పదిమందిలో ఏడెనిమిది మందికి డాక్టరు చేతికి అది తగులుతుంది. మిగిలినవారికి పొట్టలోనే ఉండిపోవచ్చు, చాలా చిన్నదిగా మిగిలిపోవచ్చు, కొందరికి అసలు లేకపోనూవచ్చు.

నెలలు నిండకుండా పుట్టినవారికి ఇది ఎందుకు ఎక్కువో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ప్రయాణం పూర్తికాకముందే బిడ్డ బయటికొచ్చేశాడు. అలాంటి పిల్లలకు వయసు లెక్కపెట్టేటప్పుడు పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలల ముందు పుట్టిన బాబుకి ఎనిమిది నెలలు వచ్చినప్పుడే ‘ఆరు నెలలు’ నిండినట్టు.

ఇందులో తల్లి తిన్నదీ, తిననిదీ కారణం కాదు. గర్భంతో ఉన్నప్పుడు బరువులెత్తిందనో, గ్రహణం చూసిందనో కోడలిని నిందించే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట విడిగా చెప్పాల్సి వస్తోంది.

ఆరు నెలల గీత ఎందుకు?

పుట్టిన మొదటి నెలల్లో బాబు శరీరంలో హార్మోన్లు ఒకసారి పెరుగుతాయి. వృషణం తనంతట తాను దిగే అవకాశం ఆ సమయంలోనే ఎక్కువ. ఆరు నెలలు దాటాక దిగడం చాలా అరుదు. అందుకే అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆరు నెలలకు దిగకపోతే సర్జన్ దగ్గరికి పంపాలనీ, ఆ తర్వాత ఏడాదిలోపు, అంటే 18 నెలలకల్లా ఆపరేషన్ చేయాలనీ చెబుతున్నాయి. యూరప్ వైద్యులు ఇంకాస్త తొందరపడతారు. వీలైతే మొదటి పుట్టినరోజుకే, ఆలస్యమైనా 18 నెలలకు పూర్తికావాలంటారు.

తొందర దేనికంటే, వృషణానికి చల్లదనం కావాలి. సంచి శరీరానికి బయట వేలాడేది అందుకే. అక్కడ ఉష్ణోగ్రత పొట్టలోకన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ. ఆ వేడిలోనే ఉండిపోయిన వృషణంలో, ముందుముందు వీర్యకణాలుగా మారాల్సిన మూలకణాలు మొదటి ఏడాది తర్వాత తగ్గిపోవడం మొదలవుతుంది. పోయినవి తిరిగి రావు.

సంతానం సంగతి భయపెట్టేలా చెప్పడం నాకిష్టం లేదు, దాచడమూ ఇష్టం లేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, చిన్నప్పుడు ఈ ఆపరేషన్ అయినవారిని పెద్దయ్యాక పరిశీలించారు. ఒక వైపు మాత్రమే సమస్య ఉన్నవారిలో, పిల్లల కోసం ప్రయత్నించినవారు దాదాపు 90 శాతం మంది తండ్రులయ్యారు. సమస్య లేని మగవారిలో ఆ సంఖ్య సుమారు 94. అంటే తేడా చాలా తక్కువ. రెండు వైపులా దిగనివారిలో మాత్రం అది 65 దగ్గర ఆగిపోయింది. కాబట్టి ఒక వైపు సమస్య అయితే బెంగ పెట్టుకోకండి. రెండు వైపులా అయితే ఒక్క నెల కూడా వృథా చేయకండి.

రెండోది క్యాన్సర్ భయం. వృషణాల క్యాన్సర్ మన దేశంలో చాలా అరుదు, లక్ష మంది మగవారిలో ఏడాదికి ఒకరికన్నా తక్కువ. దిగని వృషణం ఉన్నవారికి ఆ ముప్పు కొంత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది ఆపరేషన్ ఏ వయసులో జరిగిందన్న దానిమీద ఆధారపడుతుందని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి తేల్చింది. 2007లో వెలువడిన ఆ అధ్యయనం, ఈ ఆపరేషన్ అయిన 16,983 మందిని పరిశీలించింది. 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవారిలో ముప్పు సాధారణ జనాభాకన్నా 2.23 రెట్లు ఉంటే, ఆ తర్వాత అయినవారిలో 5.40 రెట్లు ఉంది.

మొదట చూడాల్సింది ఎవరు?

తెలుగు ఇళ్లలో పసిపిల్లాడికి నీళ్లు పోసే పద్ధతి మీకు తెలిసిందే. అమ్మమ్మో, నాయనమ్మో కాళ్లు చాపి కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోస్తుంది. నిజానికి పరీక్షకు అంతకన్నా మంచి సమయం లేదు. చలికి, భయానికి, చల్లని చేయి తగిలినా వృషణాలు పైకి లాక్కుంటాయి. వేడినీళ్లకు ఒళ్లు వదులయ్యాక ఉండాల్సిన చోట ఉంటాయి. స్నానం అయ్యాక రెండు వైపులా చిన్న చిక్కుడు గింజ లాంటిది చేతికి తగులుతోందా అన్నది ఒకసారి చూస్తే చాలు. నొక్కొద్దు, లాగొద్దు.

ఒక్కోసారి స్నానం చేయించినప్పుడు కనిపించి, కాసేపటికి మాయమవుతుంది. దీన్ని డాక్టర్లు ‘రిట్రాక్టైల్’ అంటారు. కండరం బలంగా లాగడం వల్ల అలా జరుగుతుంది, దీనికి ఆపరేషన్ అక్కర్లేదు. అయితే వదిలేయకూడదు. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఎదిగేకొద్దీ వృషణం పైనే ఉండిపోతుంది. అందుకే ఏడాదికోసారి డాక్టరుకు చూపించాలి.

చాలాసార్లు ఇంట్లో పెద్దవాళ్లు గమనిస్తారు కూడా. ‘పెద్దయ్యాక అదే దిగుతుందిలే, మీ మామయ్యకూ అంతే’ అన్న మాట దగ్గర విషయం ఆగిపోతుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది, మొదటి ఆరు నెలల వరకు. ఆ తర్వాత అది సలహా కాదు, ఆలస్యం. పైగా ఇది నలుగురిలో మాట్లాడే విషయం కాదన్న బిడియం ఒకటి. జ్వరమొస్తే పక్కింటివారికి కూడా చెబుతాం, దీన్ని మాత్రం డాక్టరుకు చెప్పడానికీ సంకోచిస్తాం.

ఇల్లు సరే, ప్రభుత్వ వ్యవస్థ ఏం చేస్తోంది?

అసలు చిక్కు ఇక్కడుంది. పిల్లల్లో లోపాలను ముందుగా గుర్తించడానికి 2013 నుంచి దేశమంతా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. ప్రసవం జరిగిన చోటే శిశువును తల నుంచి పాదం దాకా పరీక్షించాలి. ఆ తర్వాత సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు ఒకసారి వెళ్లి 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూడాలి. సమస్య కనిపిస్తే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి పంపాలి. కాగితం మీద చక్కని ఏర్పాటు.

అయితే ఈ కార్యక్రమం మొదట ఎంచుకున్న 30 సమస్యల జాబితా చూడండి. పుట్టుకతో వచ్చే లోపాలు అందులో తొమ్మిది. వెన్నుపాము లోపాలు, డౌన్ సిండ్రోమ్, గ్రహణమొర్రి, వంకర పాదాలు, తుంటి కీలు జారడం, పుట్టు శుక్లాలు, పుట్టు చెవుడు, గుండె లోపాలు, నెలలు నిండని పిల్లల రెటీనా సమస్య. దిగని వృషణం ఆ తొమ్మిదిలో లేదు. జాబితాలో లేదు కాబట్టి చూడకూడదని ఎవరూ అనలేదు. బృందంలోని డాక్టరు చూసి పంపితే ఎవరూ కాదనరు కూడా. కానీ ఫారంలో గడి లేని విషయాన్ని రోజుకు వందమంది పిల్లల్ని చూసే బృందం ఎంత శ్రద్ధగా చూస్తుందో మీరే ఊహించుకోండి. అంగన్‌వాడీ గదిలో అందరి ముందూ పిల్లాడి నిక్కరు విప్పించి పరీక్షించడం కూడా తేలిక కాదు.

ఇంకో ఖాళీ టీకాల క్యాలెండర్‌లో ఉంది. ప్రభుత్వ టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. ఆ తర్వాత తొమ్మిదో నెలలో తట్టు టీకా. అంటే ఈ విషయంలో కీలకమైన ఆరో నెలలో బిడ్డను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లే పని పడదు. 3, 6, 9, 12, 15 నెలలకు ఆశా కార్యకర్త ఇంటికి రావాల్సిన కార్యక్రమం ఒకటుంది. ఆరో నెల సందర్శన సరిగ్గా మనకు కావాల్సిన సమయమే. కాకపోతే ఆ రోజు ఆమె ప్రధానంగా మాట్లాడాల్సింది పైపాలు, అదనపు ఆహారం, టీకాలు, చేతుల శుభ్రత, ఎదుగుదల గురించి. ‘బాబుకి రెండు వైపులా ఉన్నాయా అమ్మా?’ అన్న ఒక్క ప్రశ్నను ఆమె పుస్తకంలో చేర్చడానికి ఖర్చేమీ కాదు. నన్నడిగితే ఇందులో ప్రభుత్వం చేయాల్సిన పనుల్లో మొదటిది ఇదే. రెండోది, తొమ్మిదో నెల టీకా రోజున తల్లీబిడ్డల కార్డులో ఒక టిక్కు పెట్టే గడి.

బ్రిటన్‌లో ఇది ఎలా జరుగుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ప్రతి శిశువునూ పుట్టిన 72 గంటల్లోపు ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మరోసారి కళ్లు, గుండె, తుంటి, మగపిల్లలైతే వృషణాలు, ఈ నాలుగూ తప్పనిసరి అంశాలుగా పరీక్షిస్తారు. ప్రత్యేక పరికరమేదీ లేదు, చూడాలన్న నియమం ఉంది.

నగరాల్లో ఉండే మీకు ఇంకో మాట. బిడ్డ ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టి, ప్రైవేటు క్లినిక్‌లో టీకాలు వేయించుకుని, ప్రైవేటు బడిలో చేరితే పైన చెప్పిన బృందాలేవీ అతని గడప తొక్కవు. మీ డాక్టరు చూసి ఉంటే సరే. లేకపోతే బడికి వెళ్లే వయసొచ్చాక కూడా ఎవరికీ తెలియదు. అందుకే ఆరో నెలలో ఎందుకైనా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీరే నోరు తెరిచి అడగండి. డైపర్ విప్పి చూడటానికి అర నిమిషం పడుతుంది.

ఒక విషయంలో మాత్రం ఆరు నెలలు కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. పుట్టిన బిడ్డకు రెండు వైపులా చేతికి ఏమీ తగలకపోతే, లేదా వృషణం దిగకపోవడంతోపాటు మూత్ర రంధ్రం అంగం చివర కాకుండా కింద ఎక్కడో ఉంటే, వెంటనే రక్తపరీక్షలు చేయాలి. బయటికి మగబిడ్డలా కనిపించే ఆడబిడ్డ కావచ్చు. అడ్రినల్ గ్రంథి సమస్య వల్ల ఇలా జరిగితే, మొదటి రెండు వారాల్లోనే ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇలాంటి బిడ్డను పరీక్షలు కాకుండా ఇంటికి పంపుతామంటే ఒప్పుకోకండి.

స్కానింగ్‌కు డబ్బు పోయొద్దు

‘ఎక్కడుందో చూద్దాం, స్కానింగ్ తీయించుకురండి’ అని చాలాచోట్ల రాసిస్తారు. అమెరికా మార్గదర్శకాలు దీన్ని సూటిగా వద్దంటున్నాయి. పొట్టలో ఉన్న వృషణాన్ని అల్ట్రాసౌండ్ నమ్మకంగా పట్టుకోలేదు. కనిపించలేదంటే లేదని అర్థం కాదు, కనిపించిందన్నా ఆపరేషన్ తప్పదు. చేయి తిరిగిన పిల్లల సర్జన్ వేళ్లు చెప్పేదానికన్నా స్కానింగ్ కొత్తగా చెప్పేది తక్కువ. పోయేది డబ్బు మాత్రమే కాదు. స్కానింగ్ తేదీ, రిపోర్టు, మళ్లీ ఓపీ అంటూ నెలలు పోతాయి. సర్జన్ ప్రత్యేక కారణం చెప్పి అడిగితే అది వేరు.

హార్మోన్ ఇంజక్షన్ల సంగతీ అంతే. వాటితో దింపే ప్రయత్నం ఒకప్పుడు బాగా జరిగేది. ఫలితం తక్కువ, దిగినా మళ్లీ పైకి పోతున్నాయి కాబట్టి ఇప్పుడు ఆ మార్గదర్శకాలే వద్దంటున్నాయి. నూనె మర్దనతో, పసరు వైద్యంతో దిగుతుందనేవారి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఎక్కడికి వెళ్లాలి, ఎంతవుతుంది?

వెళ్లాల్సింది పీడియాట్రిక్ సర్జన్ దగ్గరికి. పిల్లల డాక్టరు వేరు, పిల్లల సర్జన్ వేరు. హైదరాబాద్‌లో నీలోఫర్, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల లాంటి పెద్ద బోధనాసుపత్రుల్లో ఈ విభాగాలున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో సాధారణ సర్జన్ ఉండొచ్చు. కానీ ఏడాది బిడ్డకు మత్తు ఇవ్వడం అలవాటున్న మత్తు డాక్టరు అన్నిచోట్లా ఉండరు. ‘కాస్త పెద్దవాడయ్యాక తీసుకురండి’ అన్న సలహా వెనుక ఒక్కోసారి ఉన్న అసలు కారణం ఇదే. ఆ మాట వింటే, పెద్దయ్యేదాకా ఆగకండి. పెద్దాసుపత్రికి రాసివ్వమని అడగండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితం. కార్డు లేదన్న కారణంతో ఓపీకి వెళ్లడం మానుకోనక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాలనుకుంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షలు. ఈ ఆపరేషన్ ఖర్చు ఆ పరిమితికి ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి, మీకు అడ్డమయ్యేది డబ్బు కాదు, ఆసుపత్రి ఎంపిక. పథకంలో చేరిన ప్రతి ఆసుపత్రీ ప్రతి విభాగంలో చేరదు. గుండెకు చేర్చుకునే ఆసుపత్రి పిల్లల శస్త్రచికిత్సకు చేర్చుకోకపోవచ్చు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో దిగని వృషణం పేరుతోనే ఉంది. ఒక వైపు, రెండు వైపులా, చేతికి తగిలేది, తగలనిది, రెండో దశ అంటూ విడివిడిగా ఉంది. కాబట్టి కౌంటర్ దగ్గర ‘బాబుకి చిన్న ఆపరేషన్’ అనకుండా డాక్టరు రాసిన పేరు చూపించి, ఆ ప్యాకేజీ ఈ ఆసుపత్రికి ఉందా అని ఆరోగ్యమిత్రను అడగండి. ఆంధ్రలో వైద్యమిత్ర అంటారు. ఆసుపత్రికి వెళ్లకముందే తెలుసుకోవాలంటే 104కు ఫోన్ చేయొచ్చు.

ఏడాదిలోపు పిల్లల విషయంలో చాలామంది ఇరుక్కునేది కాగితాల దగ్గర. అమ్మానాన్నల పేర్లు కార్డులో ఉంటాయి, బాబు పేరు ఇంకా ఎక్కి ఉండదు. ఆపరేషన్ తేదీ వచ్చాక ఈ పని పెట్టుకుంటే తేదీ పోతుంది. బర్త్ సర్టిఫికెట్ తీసుకోవడం, ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండా ఇచ్చే నీలిరంగు బాల ఆధార్ చేయించడం, కార్డులో పేరు చేర్చడానికి దరఖాస్తు పెట్టడం, ఇవన్నీ మొదటి ఓపీకి వెళ్లిన వారంలోనే మొదలుపెట్టండి. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగులకు పిల్లల చికిత్స కూడా అందులోకే వస్తుంది.

ప్రైవేటు బీమా ఉన్నవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. పుట్టుకతో వచ్చే లోపాలను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రెండుగా విడగొట్టింది. శరీరం పైకి కనిపించే, అందుబాటులో ఉండే భాగంలో ఉంటే బాహ్య లోపం, అలా కాకపోతే అంతర్గత లోపం. బాహ్య లోపాలకు చాలా పాలసీలు డబ్బివ్వవు. మరి దిగని వృషణం ఏ కోవలోకి వస్తుంది? సంచి పైకి కనిపిస్తుంది, వృషణం లోపలెక్కడో ఉంది. తగువంతా ఇక్కడే. దీనితోపాటు హెర్నియా కూడా ఉంటే, హెర్నియాకు రెండేళ్ల వేచి ఉండే గడువుందని మరో మెలిక పెట్టొచ్చు. ఆసుపత్రిలో చేరాక వాదించేకన్నా, ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మేలు.

తేదీ ఎందుకు వాయిదా పడుతుంది?

ఆరు నుంచి 18 నెలలు అంటే ఏడాది సమయం ఉంది కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. పెద్దాసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగానికి పేగు మూసుకుపోయి పుట్టిన శిశువులు, అన్నవాహిక లేని శిశువులు ఏ అర్ధరాత్రైనా వస్తారు. వాళ్లు ముందు. గంటల్లో ప్రాణం పోయే స్థితి లేని ఆపరేషన్లు వెనక్కి జరుగుతాయి, జరగాలి కూడా. మీ తేదీ వచ్చిన రోజున బాబుకి జలుబు, దగ్గు ఉంటే మత్తు డాక్టరు ఒప్పుకోరు, కొన్ని వారాల తర్వాత రమ్మంటారు. వానాకాలంలో ఇది ఒకసారితో ఆగకపోవచ్చు. రక్తం తక్కువుంటే ఐరన్ చుక్కలు వేసి మళ్లీ రమ్మంటారు. కాబట్టి ఏడాది నిండాక మొదటిసారి ఓపీ చీటీ రాయించుకుంటే 18 నెలల గీత దాటడం చాలా తేలిక. ఆరో నెలలోనే పేరు నమోదు చేయించుకున్నవారికి రెండు వాయిదాలు పడినా సమయం మిగులుతుంది.

ఆపరేషన్ రోజున

పేరు ఆర్కిడోపెక్సీ. పూర్తి మత్తులో చేస్తారు. నొప్పి తెలియకుండా నడుము కింద మరో ఇంజక్షన్ కూడా ఇస్తారు. చేతికి తగిలే వృషణమైతే గజ్జల్లో చిన్న గాటు పెట్టి, దాన్ని పట్టి ఉంచిన పొరల్ని విడదీసి, రక్తనాళాలు దెబ్బతినకుండా కిందికి తెచ్చి, సంచిలో చిన్న జేబు లాంటిది చేసి అందులో కూర్చోబెడతారు. చాలామందికి పక్కనే హెర్నియా సంచి కూడా ఉంటుంది, దాన్నీ అప్పుడే కట్టేస్తారు. ఒక వైపుకు సాధారణంగా గంటలోపే. ఎక్కువచోట్ల అదే రోజు సాయంత్రమో, మర్నాడో ఇంటికి పంపేస్తారు.

చేతికి తగలకపోతే బొడ్డు దగ్గర సన్నని గొట్టంతో లాపరోస్కోపీ చేసి లోపల వెతుకుతారు. రక్తనాళాలు పొట్టిగా ఉండి ఒక్కసారిగా కిందికి రాకపోతే రెండు దశల్లో చేయాలి, మధ్యలో ఆరు నెలలు ఆగుతారు. ఈ రెండో దశకు రాకుండా మానేసేవారూ ఉంటారు. మొదటి దశ తర్వాత బయటికి తేడా ఏమీ కనిపించదు కాబట్టి పనైపోయిందనుకుంటారు. డిశ్చార్జి కాగితం మీద ‘మొదటి దశ’ అని ఉందేమో చూసుకోండి.

గజ్జల్లో ఉన్నదానికి ఆపరేషన్ పదిమందిలో తొమ్మిది మందికి పైగా విజయవంతమవుతుంది. వాపు, చీము లాంటివి అప్పుడప్పుడూ వస్తాయి. రక్తం సరిగా అందక వృషణం కుంచించుకుపోవడం, మళ్లీ పైకి జరగడం అరుదుగా జరుగుతాయి. పొట్టలో ఉన్నదానికి ఈ ముప్పు కొంచెం ఎక్కువ.

ఆ రోజు ఉదయం తల్లులు ఎక్కువగా తడబడేది పాల దగ్గర. మత్తుకు ముందు తల్లిపాలైతే నాలుగు గంటలు, పోతపాలు గానీ మరో పాలు గానీ అయితే ఆరు గంటలు ఆపాలి. నీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. బిడ్డ ఏడుస్తున్నాడని జాలిపడి ఒక్క గుక్క పట్టినా ఆపరేషన్ రద్దవుతుంది, లేదా పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వస్తుంది.

ఇంత చిన్న బిడ్డకు మత్తా?

ఈ భయం సహజం. పసిపిల్లలకు మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడుతుందా అన్నది శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అడిగిన ప్రశ్నే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించిన, లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో హెచ్చరించింది. మన ఆపరేషన్ అంతసేపు పట్టదు. గజ్జల హెర్నియా ఆపరేషన్ అయిన పసిపిల్లల్ని ఐదేళ్ల వయసు వచ్చేదాకా గమనించి, 2019లో ఫలితాలు వెల్లడించిన పరిశోధన ఒకటుంది. గంటలోపు ఒక్కసారి పూర్తి మత్తు తీసుకున్నవారికీ, మెలకువగా ఉంచి నడుముకు మాత్రమే ఇంజక్షన్ ఇచ్చినవారికీ తెలివితేటల్లో తేడా కనిపించలేదు.

ఇంటికొచ్చాక ఒకట్రెండు రోజులు పారాసెటమాల్‌తో నొప్పి అదుపులో ఉంటుంది. కుట్లు చాలావరకు కరిగిపోయేవే. రెండు వారాలపాటు బాబును చంకలో కాళ్లు ఎడంగా పెట్టి ఎత్తుకోవద్దు, నిటారుగా భుజానికి ఆనించి ఎత్తుకోండి. మూడు చక్రాల బండి, ఊగే గుర్రం కొన్నాళ్లు అటక ఎక్కించండి. జ్వరం వచ్చినా, గాయం దగ్గర ఎర్రబడి చీము కనిపించినా వెంటనే తీసుకెళ్లాలి.

ఇప్పటికే పెద్దవాడైతే?

ఐదేళ్లైనా, పదేళ్లైనా ఆపరేషన్ చేయించాల్సిందే. ఆలస్యమైంది కదా అని మానేస్తే దిగని వృషణం మెలిపడే అవకాశం, దెబ్బ తగిలే అవకాశం, పైన చెప్పిన క్యాన్సర్ ముప్పు అలాగే ఉంటాయి. చిన్నప్పుడు కిందే ఉండి, ఎదిగేకొద్దీ పైకి జరిగినవారూ ఉంటారు. అలాంటివారికి పుట్టినప్పుడు డాక్టరు ‘బాగానే ఉంది’ అని చెప్పిన మాట కూడా నిజమే. కాబట్టి పాత మాట మీద ఉండిపోకుండా, బడి వయసులో మరోసారి చూపించండి.

ఆపరేషన్ కాకముందు ఏ వయసులోనైనా గజ్జల్లో గట్టి ఉబ్బు వచ్చి, బాబు ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటుంటే అది పేగు ఇరుక్కోవడం కావచ్చు, వృషణం మెలిపడటం కావచ్చు. ఓపీ కోసం తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. అక్కడ మొదటి మాటగా ‘వీడికి ఆ వైపు వృషణం దిగలేదు’ అని చెప్పండి. ఖాళీ సంచిని చూసి డాక్టరు కడుపునొప్పి అనుకునే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ అయ్యాక వారం రెండు వారాలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి చూపించమంటారు. వృషణం సంచిలోనే ఉందా, పెరుగుతోందా అన్నది అప్పుడు చూస్తారు. డిశ్చార్జి కాగితాలను ఫోన్‌లో ఫొటో తీసి, నాన్న ఫోన్‌లో ఒకటి, అమ్మ ఫోన్‌లో ఒకటి దాచిపెట్టండి. బాబుకి పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక ఈ సంగతి అతనికీ చెప్పాలి. నెలకోసారి స్నానమయ్యాక తనే చేత్తో చూసుకుని, గట్టిగా గడ్డలా ఏదైనా తగిలితే దాచకుండా చెప్పమనాలి. ఆ మాట చెప్పే పని చాలా ఇళ్లలో తండ్రిదే అవుతుంది.